ద్వారకానగర్ ఆఫీసుకీ గాజువాక గోడౌన్‌కీ మధ్య వైర్‌గార్డ్ టన్నెల్

గోడౌన్‌లో బిల్లు కొడితే ఆఫీసు సర్వర్‌లో పడాలి. దీనికి రెండుచోట్ల రౌటర్లనీ ఇంటర్నెట్ మీదుగా ఎన్‌క్రిప్షన్‌తో కలిపే దారి, అంటే వీపీఎన్ టన్నెల్ కావాలి. అందుకోసం పాత రౌటర్లలో కనిపించే పీపీటీపీ అనే పాత వీపీఎన్ పద్ధతి జోలికి వెళ్లొద్దు; అది పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి ఎంఎస్-చాప్ వి2 ను 2012లోనే ఛేదించారు. ఎల్2టీపీ అనే మరో పద్ధతికి, ఎన్‌క్రిప్షన్ చేసే ఐపీసెక్ తోడు లేకపోతే ఎన్‌క్రిప్షనే ఉండదు. కొత్తగా పెట్టుకునేవాళ్లు వైర్‌గార్డ్ అనే కొత్తతరం వీపీఎన్ ఉన్న రౌటర్లే కొనండి.

ముందు ఆఫీసు రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీకు సొంత పబ్లిక్ ఐపీ లేదు. పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటి ప్యాకెట్ లోపలికి రాదు. ఇంటర్నెట్ కంపెనీని అడిగి ఆఫీసుకి స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ చిరునామా) తీసుకోండి, గోడౌన్‌కి అక్కర్లేదు.

రెండుచోట్లా లోపలి నెట్‌వర్క్ చిరునామాలు ఒకే 192.168.1.0/24 అయితే ఏ ప్యాకెట్ ఎటు పోవాలో తేలదు. ఆఫీసుకి 192.168.10.0/24, గోడౌన్‌కి 192.168.20.0/24 పెట్టండి.

ఇక కీలు. ఏ రౌటర్ కీ జతను ఆ రౌటర్‌లోనే తయారుచేసి, పబ్లిక్ కీలు మాత్రం ఇచ్చిపుచ్చుకోండి. ప్రైవేట్ కీ వాట్సాప్‌లో పంపితే మొదటికే మోసం, వెంటనే మార్చేయాలి. టన్నెల్ చిరునామాలు ఆఫీసుకి 10.50.0.1, గోడౌన్‌కి 10.50.0.2. ఆఫీసులో యూడీపీ 51820 తెరవండి. గోడౌన్ రౌటర్ అలౌడ్ ఐపీస్‌లో (టన్నెల్‌లోకి పంపాల్సిన చిరునామాల జాబితా) 10.50.0.1/32, 192.168.10.0/24 రాయండి, ఆఫీసులో 10.50.0.2/32, 192.168.20.0/24. గోడౌన్ రౌటర్‌లో 0.0.0.0/0 రాస్తే గోడౌన్ ఇంటర్నెట్ అంతా ఆఫీసు లైన్ మీద పడుతుంది. గోడౌన్ వైపు కీప్‌అలైవ్ (దారి మూసుకుపోకుండా అప్పుడప్పుడు పంపే చిన్న ప్యాకెట్) 25 సెకన్లు పెట్టండి.

కీ తప్పితే వైర్‌గార్డ్ ఎర్రర్ పంపదు, అసలు పలకదు. రౌటర్ పేజీలో లేటెస్ట్ హ్యాండ్‌షేక్ (రెండు రౌటర్లూ చివరిసారి పలకరించుకున్న సమయం) కనబడకపోతే కీలు, పోర్ట్, ఐపీ ఈ వరుసలో చూడండి. నిన్నటిదాకా పనిచేసి కరెంటు పోయి వచ్చాక ఆగిందా? గడియారం బ్యాటరీ లేని రౌటర్ పాత టైమ్‌తో లేస్తుంది. హ్యాండ్‌షేక్‌లో టైమ్‌స్టాంప్ ఉంటుంది కాబట్టి, వెనకటి టైమ్‌తో వచ్చినదాన్ని అవతలి రౌటర్ పాత ప్యాకెట్‌గా లెక్కేసి వదిలేస్తుంది. అందుకే రౌటర్ టైమ్ సరిచేసే ఎన్‌టీపీ ఎప్పుడూ టన్నెల్ బయటినుంచే అందాలి.

అందరినీ ఎక్కువ తిప్పలుపెట్టేది ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజు. పింగ్ వస్తుంది, బిల్లింగ్ స్క్రీన్ మాత్రం సగంలో నిలిచిపోతుంది. పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్టయ్యే బ్రాడ్‌బ్యాండ్) లైన్‌లో 1492 బైట్లే పడతాయి. వైర్‌గార్డ్ హెడర్లు ఐపీవీ6 మీద 80, ఐపీవీ4 మీద 60 తీసుకుంటాయి. 1492లో 80 పోగా మిగిలే 1412నే రెండువైపులా టన్నెల్ ఎంటీయూగా పెట్టి, టీసీపీ ప్యాకెట్లను ఆ సైజుకి కుదించే ఎంఎస్ఎస్ క్లాంపింగ్ ఆన్ చేయండి. తర్వాత ఫ్రాగ్మెంట్ చేయొద్దనే (ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దనే) ఆప్షన్‌తో 1384 బైట్ల పింగ్ కొట్టండి. దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే సరిగ్గా 1412. జవాబు రాకపోతే ఎంటీయూని పదేసి బైట్లు, పింగ్ సైజునూ అంతే తగ్గిస్తూ వెళ్లండి.