సున్నం లారీ దిగకముందే

చెన్నై పళ్లికరణై వైపు మెత్తటి బంకమట్టి మీద రోడ్డు వేస్తున్నారా? మట్టి గట్టిపడడానికి అందులో సున్నం కలపడం మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

- మట్టిలో సల్ఫేట్ అనే లవణం ఎంతుందో ల్యాబ్‌లో తేల్చుకోండి. ఎక్కువుంటే సున్నంతో కలిసి ఉబ్బుతుంది, చదునైన రోడ్డు గుట్టలు కడుతుంది. బంక లేని ఇసుక నేలకు సున్నం దండగే, సిమెంటు చూడండి.

- కళ్లద్దాలు, గ్లవ్స్, ఫుల్‌చేతుల చొక్కా. ఎండలో ఇవన్నీ ఎవరేసుకుంటారు అనకండి. చెమట పట్టిన మెడ మీద సున్నం పడితే తెలుస్తుంది. కంట్లో పడితే నలపొద్దు, కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే నీళ్ల డ్రమ్ము ముందే నింపి పక్కన పెట్టండి, ట్యాంకర్ని నమ్ముకోవద్దు.

- అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. ఆ నెలల్లో వద్దు.

- రోలర్ తిప్పాక కనీసం 7 రోజులు తడి ఆరకూడదు, లారీలు ఎక్కకూడదు. అడ్డం పెట్టడానికి డ్రమ్ములు ఇప్పుడే తెప్పించుకోండి.

మంచు టెన్షన్ చెన్నైలో లేదు. లడఖ్ పని ఒప్పుకున్నవాళ్లు మాత్రం గడ్డకట్టి కరిగే పరీక్ష (సున్నం కలిపిన మట్టిని పదేపదే గడ్డకట్టించి, కరిగించి, నిలుస్తుందో లేదో చూడడం) చేయించాలి. మట్టిలోని నీరు గడ్డకడితే దాని పరిమాణం 9 శాతం దాకా పెరుగుతుంది. పైగా చలిలో సున్నం పట్టు నెమ్మది, శీతాకాలానికి చాలా ముందే ముగించాలి.