పాత అంబాసిడర్‌లో వెనక సీటు చోటు బ్యాటరీకి ఇచ్చాను: నా అనుభవం

హాట్ రాడ్‌లా (పాత కారుని వేగం కోసం మార్చుకోవడం) మార్చుకున్న నా అంబాసిడర్‌లో బ్యాటరీ ఇంజిన్ పక్కనే ఉడికిపోయి, బెజవాడ ఎండల్లో మధ్యాహ్నం ఆపితే మళ్లీ స్టార్ట్ అయ్యేది కాదు. కొత్త బ్యాటరీ, రేకు అడ్డం, ఇంకో ఫ్యాన్, ఏదీ పనిచేయలేదు.

వెనక ఎవరూ కూర్చోరు కాబట్టి ఆటోనగర్‌లో సీటు తీయించి, ఫ్లోర్ తుప్పు గీకించి, అక్కడ మూత ఉన్న పెట్టెలో బ్యాటరీ బిగించి, బ్యాటరీ నుంచి వచ్చే గ్యాస్ పోవడానికి కిందికి గొట్టం పెట్టించాను. ప్లస్ కేబుల్ బాగా లావుది, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, రేకు రంధ్రంలో రబ్బరు బుష్ (లేకపోతే కేబుల్ ఒరుసుకుని షార్ట్ అయి మంటలు లేవచ్చు). అయినా సెల్ఫ్ నీరసంగానే తిరిగింది. చివరికి ఎర్త్ (బ్యాటరీ మైనస్ కేబుల్‌ని బాడీకి బిగించే చోటు) దగ్గర రంగు పోయి రేకు తళతళలాడేదాకా గీకి, ఇంజిన్ నుంచి బాడీకి ఇంకో ఎర్త్ పట్టీ వేశాకే ఒక్క తాళానికి అందుకుంది.

డీజిల్ బండికి ఇదే కేబుల్ సరిపోతుందని చెప్పలేను. సీట్ల సంఖ్య ఆర్సీలో ఉంటుంది, తీసేముందు ఆర్టీఏ ఆఫీసులో అడగండి.