స్కిన్ కొనే ముందు వేసుకోవాల్సిన లెక్క

గేములో పాత్రకో ఆయుధానికో వేసే కొత్త రూపమే స్కిన్. గేమ్ షాపులో దాని ధర డైమండ్లలోనో యూసీల్లోనో, అంటే డబ్బిచ్చి ప్యాకులుగా కొనే గేమ్ కరెన్సీలో ఉంటుంది. ముందు రూపాయల్లోకి మార్చండి: ప్యాక్ ధరను అందులోని డైమండ్లతో భాగించి, స్కిన్ ధరతో గుణించాలి. ప్యాక్ సైజు స్కిన్ ధరకు సరిపోక కొన్ని మిగిలితే, ఆ మిగులే ఇంకో ప్యాక్ కొనిపిస్తుంది. అందుకే ప్యాక్ మొత్తాన్నీ ఖర్చు కింద రాసుకోండి.

క్రేట్ల (తెరిచేదాకా ఏ వస్తువు వస్తుందో తెలియని పెట్టెల) జోలికి పోకపోవడమే మంచిది. 1 శాతం అవకాశమున్న వస్తువు, గ్యారంటీ నిబంధన (ఇన్ని తెరిస్తే తప్పక వస్తుందనే హామీ) లేకపోతే, 100 క్రేట్లు తెరిచినా దాదాపు 37 శాతం మందికి దక్కదు. నేరుగా అమ్మే స్కిన్ అయితే ఎంత పెడుతున్నామో తెలుస్తుంది.

ఫోన్ పిల్లల చేతికిస్తే, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ వెరిఫికేషన్ పెట్టండి. అక్కడి నెలవారీ బడ్జెట్ హెచ్చరిస్తుందే తప్ప కొనుగోలును ఆపదు. పొరపాటున కొంటే, ఆ డైమండ్లు వాడకుండా 48 గంటల్లోపు గూగుల్‌ను రీఫండ్ అడగండి.