ఆఫీసు ఒత్తిడికి ఆన్‌లైన్ మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు ఎలా చేయాలి?

మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని ధ్యాసతో గమనించే సాధన. ఉత్సాహంగా ఆ కోర్సులో చేరి, మూడో వారానికల్లా "నా వల్ల కాదు, నా మనసు నిలవదు" అని మానేసినవాళ్లను చాలామందిని చూశాను. అందరూ దాదాపు ఒకే చోట పొరబడతారు. దాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను, మిగతావి చకచకా ముగిస్తాను.

కావలసినవి. ఫోను లేదా ల్యాప్‌టాప్, ఇయర్‌ఫోన్లు, ఒక మామూలు కుర్చీ. మంచం మీద చేయకండి, నిద్రపోతారు. వెనకాల సంగీతం వద్దు. సంగీతం హాయిగానే ఉంటుంది, కానీ మీరు సాధన చేస్తున్నది హాయి కోసం కాదు.

కోర్సు ఎంపిక. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ఎం.బి.ఎస్.ఆర్. (మైండ్‌ఫుల్‌నెస్‌తో ఒత్తిడి తగ్గించుకునే) పద్ధతినే తీసుకోండి. 8 వారాలు, వారానికి ఒక క్లాసు, ఇంట్లో రోజూ సాధన, చివరి వారాల్లో ఒక రోజు మౌనం. టీచర్ తెర మీద ఎదురుగా ఉండి, ప్రశ్న అడిగితే జవాబు చెప్పే లైవ్ క్లాసులే ఎంచుకోవాలి. డబ్బు కట్టలేకపోతే పాలూస్ మైండ్‌ఫుల్‌నెస్ అనే ఉచిత 8 వారాల కోర్సు ఆన్‌లైన్‌లో ఉంది. అయితే అక్కడ మిమ్మల్ని అడిగేవారుండరు, కాబట్టి తోడుగా ఒక సహోద్యోగిని చేర్చుకోండి. యాప్ వాడితే, వరసగా ఎన్ని రోజులు చేశారో లెక్కపెట్టే సదుపాయాన్ని ఆపేయండి. ఒక్క రోజు తప్పిందని మొత్తం మానేసేవాళ్లు దానివల్లే తయారవుతున్నారు.

సమయం. ఉదయం, మెయిల్ తెరవకముందు. రాత్రికి వాయిదా వేస్తే ఆ రాత్రి రాదు.

బాడీ స్కాన్. కాలి వేళ్ల నుంచి తల దాకా ఒక్కో భాగం మీద ధ్యాస పెట్టడం. ఆడియో ఎలా చెబితే అలా చేస్తూ పోండి, ఇందులో కష్టమేమీ లేదు.

మనసును వెనక్కి తేవడం. అసలు కష్టమంతా ఇక్కడుంది. శ్వాస మీద ధ్యాస పెడతారు. నాలుగు శ్వాసలకల్లా నిన్నటి మీటింగ్‌లో మేనేజర్ అన్న మాట గుర్తొస్తుంది. కొంతసేపటికి ఉలిక్కిపడి "అయ్యో, చెడగొట్టాను" అనుకుంటారు. చెడగొట్టలేదు. దారి తప్పానని తెలిసిన ఆ క్షణమే సాధన. మైండ్‌ఫుల్‌నెస్‌కు మూలమైన పాళీ మాట 'సతి', సంస్కృతంలో 'స్మృతి'. గుర్తుకు రావడం అని అర్థం. మరిచిపోవడమంటూ లేకపోతే గుర్తుకు రావడమెక్కడిది? ఇరవై నిమిషాల్లో ముప్పైసార్లు తప్పిపోయి ముప్పైసార్లు తిరిగొస్తే, ముప్పైసార్లు సాధన చేసినట్టే.

తిరిగి రావడానికి ఒక వరస ఉంది. "ఆలోచన" అని మనసులోనే ఒక్క మాట అనుకోండి. ఆ ఆలోచన ఒంట్లో ఎక్కడ బిగిసిందో, దవడలోనా, భుజాల్లోనా, పొట్టలోనా, చూడండి. తర్వాత బయటికి వెళ్లే శ్వాసతో పాటు వెనక్కి రండి. తిట్టుకోకండి. తిట్టుకుంటే మేనేజర్ మాట వదిలిపోయి, దాని స్థానంలో మీ మాటలే మిమ్మల్ని పొడుస్తాయి. పని ఒత్తిడిలోనూ జరిగేది ఇదే.

మరో రెండు జాగ్రత్తలు. శ్వాసను బిగబట్టకండి, లోతుగా లాగకండి. ఇది ప్రాణాయామం కాదు, శ్వాస ఎలా నడిస్తే అలా నడవనివ్వాలి. "ఈ ఒక్క సమస్య తేల్చేసి వస్తాను" అని మనసు బేరం పెడుతుంది, ఒప్పుకోకండి. మంచి ఐడియా వచ్చినా రాసుకోవద్దు. నిజంగా మంచిదైతే సాధన ముగిశాక కూడా ఉంటుంది.

పాత భయంకరమైన అనుభవమేదైనా కళ్లముందుకొచ్చి గుండె దడ మొదలైతే ఓర్చుకుంటూ కూర్చోకండి. కళ్లు తెరవండి, పాదాలు నేలకు ఆనించండి, గదిలోని వస్తువులను చూస్తూ ఒక్కొక్కదాని పేరు అనుకోండి. ఆ రోజుకు ఆపేసి టీచర్‌కు చెప్పండి. మళ్లీ మళ్లీ వస్తుంటే మానసిక వైద్యుణ్ణి కలవాలి.

పనిలోకి తేవడం. ఉదయం సాధన ఒక్కటే చాలదు. కోపం తెప్పించిన మెయిల్‌కు జవాబు కొట్టేముందు మూడు నిమిషాలు ఆగండి. మొదటి నిమిషం లోపల ఏం జరుగుతోందో గమనించండి, రెండో నిమిషం శ్వాస, మూడో నిమిషం ఒళ్లంతా. వారాంతపు శిబిరాలకంటే దీన్నే నేను నమ్ముతాను. ఒత్తిడి పుట్టేది ఆఫీసు కుర్చీలోనే, సాధన కూడా అక్కడే జరగాలి.

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇద్దరి పని ఒక్కరిమీద పడుతుంటే దానికి మందు ధ్యానం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ జాబితా ఐ.సి.డి.-11లో బర్నవుట్‌ను (పని ఒత్తిడితో పూర్తిగా డస్సిపోవడాన్ని) ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా వర్ణించింది, మనిషి లోపంగా కాదు. మూడు నిమిషాలు ఆగాక, ఏ పనులు మీ చేతిలోంచి తీసేయాలో కాగితం మీద రాసి మేనేజర్ ముందు పెట్టండి.