పాత బుల్లెట్‌కి పాయింట్లు, టైమింగ్ సరిగ్గా పెట్టడం ఎలా?

కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350 మొండికేసిందంటే చాలామంది మొదట కార్బొరేటర్ మీద పడతారు. విప్పి, కడిగి, జెట్లు ఊది, మళ్ళీ బిగిస్తారు. బండి మాత్రం కదలదు. అసలు తప్పు చాలాసార్లు కుడివైపు డిస్ట్రిబ్యూటర్ కవరు కింద, తెరుచుకున్నప్పుడల్లా ప్లగ్గులో స్పార్కు పుట్టించే పాయింట్ల దగ్గర ఉంటుంది. అది తెలిసినవాళ్ళు కూడా పాయింట్ల గ్యాపు సరిచేసి, టైమింగ్ (స్పార్కు ఏ క్షణంలో రావాలన్నది) సంగతి చెవికి వదిలేసి చేతులు దులుపుకుంటారు. ఆ తర్వాత బండి కిక్కు ఎదురు తంతే "బుల్లెట్టంటే అంతే" అంటారు. కాదు. టైమింగ్ సరిగ్గా ఉన్న బుల్లెట్ ఎదురు తన్నదు.

ఈ పద్ధతి పాయింట్లు ఉన్న, కుడికాలి గేరు బండ్లకి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌తో వచ్చినవాటికి ఇది పనికిరాదు.

కావలసినవి

ఫీలర్ గేజ్, చిన్న ఫ్లాట్ స్క్రూడ్రైవర్, ప్లగ్గు పానా, మామూలు పానాలు, సన్నటి పాయింట్ ఫైలు, నూలు పీచులు రాలని గుడ్డ, కొంచెం పెట్రోలు, వెర్నియర్. వీటికి తోడు పాత ప్లగ్గొకటి, సన్నటి ఇత్తడి కడ్డీ ఒకటి. పాత ప్లగ్గులోని పింగాణీ పగలగొట్టి పూర్తిగా తీసేయండి, కింద వంగి ఉన్న ఎలక్ట్రోడు కూడా కోసేయండి. ఆ ఖాళీ బాడీలో కడ్డీ ఊగిసలాడకుండా, పట్టేయకుండా జారాలి. కడ్డీ కొన గుండ్రంగా అరగదీయండి. సైకిల్ చువ్వ వాడకండి. బుల్లెట్ ప్లగ్గు రంధ్రం వాలుగా ఉంటుంది. గైడ్ లేని ఉక్కు చువ్వ పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య ఇరుక్కుంటే వంకరపోయేది చువ్వ ఒక్కటే కాదు.

బ్యాటరీ నిండా ఛార్జి ఉండాలి. అమ్మీటరు (బ్యాటరీ కరెంటు ఎటు పోతుందో చూపే మీటరు) ముల్లుని చూసి చేసే పనికి నీరసం బ్యాటరీ అక్కరకు రాదు.

మొదటి పనులు

ఇంజన్ చల్లగా ఉండాలి. బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టి ఊదేసి, ప్లగ్గు విప్పండి. నాలుగో గేరులో వేయండి. ఇక ఇంజన్ని తిప్పాలంటే వెనక చక్రాన్ని చేత్తో ముందుకి తిప్పితే చాలు. సిలిండర్ పక్కనున్న టాపెట్ కవరు కూడా తీయండి. కంప్రెషన్ స్ట్రోకు (రెండు వాల్వులూ మూసి ఉండగా పిస్టన్ పైకొచ్చే దశ) గుర్తుపట్టడానికి అది అవసరం. ఎలాగూ తీశారు కాబట్టి, పిస్టన్ కంప్రెషన్ పైభాగంలో ఉన్నప్పుడు పుష్‌రాడ్లు వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. ఆడుతుంటే టాపెట్లు ఇప్పుడే సరిచేసేయండి.

పాయింట్లు

కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా పూసిన పొర ఉంటుంది. పెట్రోలు గుడ్డతో తుడవకుండా బిగిస్తే స్పార్కు రాదు, అప్పుడు కాయిల్ మారుస్తారు. పాతవే వాడేట్టయితే ఫైలుతో నాలుగుసార్లు గీసి, రెండు ముఖాలూ చదునుగా ఎదురెదురు కలిసేలా చూడండి. ఎమరీ పేపరు వద్దు. దాని రవ్వలు లోహంలో దిగిపోయి అక్కడే మళ్ళీ కాలుతుంది. పాయింట్లు నీలంగా మాడి ఉంటే కండెన్సర్ని (పాయింట్ల మధ్య మెరుపులు లేవకుండా ఆపేది) అనుమానించండి. దాన్ని మార్చకుండా పాయింట్లు మార్చినా కొద్దిరోజుల్లో ఇవీ అలాగే తయారవుతాయి.

కదిలే పాయింటు స్ప్రింగు, కాయిల్ వైరు, కండెన్సర్ వైరు మూడూ ఒకదానికొకటి తగలాలి. బాడీకి మాత్రం ఏదీ తగలకూడదు. ఆ పని చేసేది చిన్న ఫైబర్ వాషర్లు. విప్పేటప్పుడు ఏది ఏ వరుసలో ఉందో ఫోను తీసి ఫోటో కొట్టుకోండి. వరుస తప్పితే కీ వేయగానే మీటరు ముల్లు డిస్ఛార్జి వైపు వాలి, చక్రం ఎంత తిప్పినా లేవదు.

గ్యాపు

చక్రం తిప్పుతూ పాయింట్లు అన్నిటికన్నా ఎక్కువ తెరుచుకున్న చోట ఆపండి. గ్యాపు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉండాలి. కొత్త పాయింట్లయితే 0.40 పెట్టండి, క్యామ్ (తిరుగుతూ పాయింట్లని తెరిచే ముక్క) మీద రాసుకునే ఫైబర్ మడమ అరిగేకొద్దీ అదే తగ్గుతుంది. లాక్ స్క్రూ కొంచెం వదులు చేసి, స్థిరంగా ఉన్న పాయింటుని స్క్రూడ్రైవర్‌తో జరిపి, బిగించి, మళ్ళీ కొలవండి. బిగించేటప్పుడు గ్యాపు కచ్చితంగా జరుగుతుంది. ఫీలర్ బ్లేడుకి నూనె ఉంటే తుడిచేయండి. క్యామ్ మీద గ్రీజు అగ్గిపుల్ల కొనకి అంటినంత చాలు. ఎక్కువైతే వేడికి కరిగి పాయింట్ల మీదికే చేరుతుంది.

గ్యాపు ముందు, టైమింగ్ తర్వాత. ఈ వరుస మార్చకూడదు. గ్యాపు పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది, అంటే స్పార్కు ముందే వస్తుంది. తగ్గితే రిటార్డ్ అవుతుంది, అంటే ఆలస్యంగా వస్తుంది. టైమింగ్ పెట్టేశాక గ్యాపు ముట్టుకుంటే చేసిన పనంతా గంగలో కలిసినట్టే.

అసలు పని: టైమింగ్

పిస్టన్ కంప్రెషన్‌లో పైకొస్తూ, టీడీసీకి (పిస్టన్ చేరే అన్నిటికన్నా పై స్థానానికి) ఇంకా 0.8 మి.మీ. ఉండగా పాయింట్లు తెరుచుకోవడం మొదలవ్వాలి, ఆటో అడ్వాన్స్ (వేగాన్నిబట్టి స్పార్కుని ముందుకి జరిపే యూనిట్) పూర్తిగా వెనక్కి ఉన్న స్థితిలో. క్రాంకు లెక్కలో అది సుమారు 9 నుంచి 10 డిగ్రీలు. వేగం పెరిగాక కావాల్సిన మిగతా అడ్వాన్స్‌ని బరువులు, స్ప్రింగులు ఇస్తాయి.

కాబట్టి ముందు ఆ బరువుల సంగతి చూడండి. క్యామ్‌ని వేళ్ళతో అది తిరిగే దిశలోనే మెలితిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చినా, మధ్యలో ఆగినా టైమింగ్ పెట్టి లాభం లేదు. అడ్వాన్స్‌లో ఇరుక్కున్న యూనిట్‌తో 0.8 పెడితే బండికి వేగంలో అడ్వాన్స్ చాలదు. లాగదు, వేడెక్కుతుంది. స్ప్రింగులు సాగిపోయి ఉంటే ఐడ్లింగ్‌లోనే అడ్వాన్స్ అయిపోయి కిక్కు ఎదురు తంతుంది. విప్పి, శుభ్రం చేసి, ఒక చుక్క నూనె వేయండి. సాగిన స్ప్రింగులు మార్చేయండి. పాత స్ప్రింగుని కత్తిరించి పొట్టి చేయడం మరమ్మతు కాదు.

ఇప్పుడు కడ్డీ. ఖాళీ ప్లగ్గు బాడీని హెడ్డులో చేత్తో బిగించి, కడ్డీని అందులోంచి పిస్టన్ తలకి ఆనించండి. చక్రాన్ని నెమ్మదిగా ముందుకి తిప్పుతుంటే కడ్డీ పైకి లేస్తుంది. రెండు పుష్‌రాడ్లూ వదులుగా ఉంటే అది కంప్రెషన్. ఒకటి బిగుసుకుని ఉంటే ఇంజన్ని (చక్రాన్ని కాదు) ఇంకో చుట్టు తిప్పండి. కడ్డీ అన్నిటికన్నా పైకి వచ్చినచోట ప్లగ్గు బాడీ అంచుకి సమంగా కడ్డీ మీద సన్నటి గీత గీయండి. కడ్డీ బయటికి తీసి, ఆ గీతకి 0.8 మి.మీ. పైన వెర్నియర్‌తో రెండో గీత. గీతలు సూదితో గీయాలి. స్కెచ్ పెన్ను గీత మందమే 0.8 ఉంటుంది.

ఇక్కడ డిగ్రీల డిస్కు పెట్టి కొలిచేవాళ్ళ గురించి ఒక మాట. టీడీసీ దగ్గర పిస్టన్ దాదాపు నిలబడిపోతుంది. క్రాంకు అటూ ఇటూ 2 డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలేది 0.03 మి.మీ. చుట్టుపక్కలే. కంటికి ఆనదు. అందుకే డిస్కు మీద సున్నా ఎక్కడో కళ్ళతో నిర్ణయిస్తే లెక్క మొదట్లోనే రెండు మూడు డిగ్రీలు పోతుంది. కడ్డీ కొలిచేది ఎత్తుని. క్రాంకు 2 డిగ్రీలు అటున్నా ఇటున్నా ఎత్తులో తేడా రాదు కాబట్టి పొరపాటు రాదు. వాలుగా ఉన్న రంధ్రం వల్ల కడ్డీ పిస్టన్ కన్నా కాస్త ఎక్కువ జరుగుతుందన్నది నిజమే. కానీ 0.1 మి.మీ. తేడా అంటే ఇక్కడ అర డిగ్రీ పైచిలుకు, అదీ రిటార్డ్ వైపు. కాలికి క్షేమమైన వైపే.

గీతలు సిద్ధమయ్యాక చక్రాన్ని వెనక్కి తిప్పి కడ్డీని ఒకటి రెండు సెంటీమీటర్లు దిగనివ్వండి. లైట్లన్నీ ఆపి కీ వేయండి. పాయింట్లు మూసి ఉన్నాయి కాబట్టి మీటరు ముల్లు డిస్ఛార్జి వైపు వాలుతుంది. ఇక చక్రాన్ని ముందుకి, వెంట్రుకవాసి చొప్పున జరపండి. పాయింట్లు విడిన క్షణంలో ముల్లు టక్కున మధ్యకి వస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో పై గీత ప్లగ్గు అంచుని తాకాలి.

తొందరపడేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. టాప్ గేరులో ఈ 0.8 మి.మీ. వ్యవహారమంతా టైరు అంచు దగ్గర సుమారు ఒక సెంటీమీటరు కదలికలో ముగిసిపోతుంది. ఒక్క కుదుపుతో గీత దాటిపోతారు. దాటితే అంతవరకే వెనక్కి జరిపి చదవకూడదు. క్రాంకు నుంచి డిస్ట్రిబ్యూటర్ వరకు గేర్లు వరుసగా ఉంటాయి, ప్రతి జత పళ్ళ మధ్యా కొంత ఆట ఉంటుంది. వెనక్కి తిప్పినప్పుడు ఆ ఆట అంతా ఎదురువైపు చేరుతుంది, క్యామ్ ఉన్నచోటే ఉండి క్రాంకు మాత్రం జరుగుతుంది. బండి వయసునిబట్టి ఈ ఆట ఎక్కువే ఉండొచ్చు. కాబట్టి బాగా వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకే వస్తూ చదవండి. ఎన్నిసార్లు దాటితే అన్నిసార్లు.

పాయింట్లు ముందే తెరుచుకుంటే అడ్వాన్స్ ఎక్కువైంది. పాయింట్లు కూర్చున్న ప్లేటు బోల్టులు కొంచెం వదులు చేసి, క్యామ్ తిరిగే దిశలోనే ప్లేటుని జరపండి. ఆలస్యంగా తెరుచుకుంటే క్యామ్‌కి ఎదురు దిశలో జరపాలి. ఇది బట్టీ పట్టాల్సిన సంగతి కాదు. క్యామ్ తనకి ఎదురొచ్చిన మడమని ముందే లేపుతుంది, పారిపోయే మడమని ఆలస్యంగా లేపుతుంది. డిస్ట్రిబ్యూటర్ క్రాంకుకి సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి ప్లేటు ఒక డిగ్రీ జరిపితే క్రాంకు దగ్గర రెండు డిగ్రీలు. అందుకే జరపడమంటే స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టడమే. బోల్టులు బిగించాక మళ్ళీ మొదటినుంచి చదవండి. బిగింపుకి ప్లేటు జరుగుతుంది. వరసగా రెండుసార్లు ఒకే చోట ముల్లు లేస్తేనే అయినట్టు.

ప్లేటు గాడి చివరిదాకా వెళ్ళినా 0.8 దొరక్కపోతే మొదట గ్యాపు మళ్ళీ కొలవండి. అది సరిగ్గానే ఉంటే డిస్ట్రిబ్యూటర్ గేరు పన్ను తప్పి కూర్చుంది. ప్లేటుని బలవంతం చేసి ప్రయోజనం లేదు, టైమింగ్ కవరు తెరవాల్సిందే.

మీటరు పనిచేయని బండికి చిన్న బల్బు వాడొచ్చు. ఒక వైరు పాయింట్ల టెర్మినల్‌కి, ఇంకోటి బాడీకి. పాయింట్లు విడగానే వెలుగుతుంది. 6 వోల్టుల బండికి 6 వోల్టుల బల్బే, 12కి 12దే. పాయింట్ల మధ్య సిగరెట్ కాగితం పెట్టి లాగే పద్ధతికి మాత్రం దూరంగా ఉండండి. ఎంత బలంగా లాగితే అంత ముందే జారుతుంది, పైగా పీచు అక్కడే ఉండిపోతుంది. ఏ పద్ధతైనా చదవడం ఆపిన మరుక్షణం కీ తీసేయండి. పాయింట్లు మూసి కీ వేసి వదిలేస్తే కాయిల్ వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

చెవితో టైమింగ్ పెట్టేవాళ్ళు ఇంజన్ నడుస్తుండగా ప్లేటు తిప్పి, ఎక్కడ ఐడ్లింగ్ పెరిగితే అక్కడ బిగించేస్తారు. భారం లేని ఇంజన్‌కి అడ్వాన్స్ ఎంత పెంచినా హాయిగానే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ఇద్దరు కూర్చున్నప్పుడు టకటకమని నాకింగ్ మొదలవుతుంది. కిక్కు కొట్టినవాడి మడమ సంగతి సరేసరి. ఎలక్ట్రానిక్ కిట్ వేసుకుంటే ఈ బాధే లేదంటారు. నిజమే, కానీ అది పోయినచోట బండి ఆగిపోతుంది. పాయింట్లయితే రోడ్డు పక్కన ఒక ఫైలుతో బతికించొచ్చు. ఇంకో లెక్కా ఉంది. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటిన, అసలు రూపం చెడని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో వీఏ అక్షరాలుంటాయి, కొత్తగా తీసుకోవడానికి రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. ఆ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళు బండిని వచ్చినట్టే ఉంచుకోవడం మేలు.

బిగింపు, పరీక్ష

కడ్డీ, ఖాళీ బాడీ బయటికి తీశారో లేదో చూసుకోండి. ప్లగ్గు, కవర్లు బిగించి, న్యూట్రల్ చేసి కిక్కు కొట్టండి. వేడెక్కాక ఐడ్లింగ్ నిలకడగా ఉండాలి. థ్రాటిల్ ఒక్కసారిగా తిప్పితే తడబడకుండా లేవాలి. టాప్ గేరులో తక్కువ వేగంలో భారం పెట్టి చూడండి. నాకింగ్ వినిపిస్తే అడ్వాన్స్ ఎక్కువ. లాగకుండా సైలెన్సర్ పైపు త్వరగా నీలమెక్కుతూ, థ్రాటిల్ మూసినప్పుడు టపటపలాడుతుంటే రిటార్డ్ అయింది. అలాంటప్పుడు ప్లేటు ముట్టుకునే ముందు ఆటో అడ్వాన్స్ మళ్ళీ చూడండి.

కొత్త పాయింట్ల మడమ మొదట్లో త్వరగా అరుగుతుంది. 500 కిలోమీటర్ల దగ్గర గ్యాపు మళ్ళీ కొలిచి, 0.35 కన్నా తగ్గితే సరిచేసి, టైమింగ్ కూడా ఇంకోసారి చదవండి. ఆ తర్వాత మూడు వేల కిలోమీటర్లకోసారి చూస్తే సరిపోతుంది.