కాన్పులో రక్తం బాగా పోయిందా? ఆ తర్వాత డబ్బు, మనసు రెండూ చూసుకోవడం ఇలా

మా చెల్లికి కాన్పైన అరగంటకే రక్తస్రావం మొదలైంది. గర్భసంచి తీసేయాల్సి రావచ్చు, సంతకం పెట్టండి అని కాగితం ఇస్తే మా మరిది చెయ్యి వణికి సాక్షి గడిలో పెట్టేశాడు. ఐదు ప్యాకెట్ల రక్తం ఎక్కించాక చెల్లి బతికింది. ఇంటికొచ్చాక ఏముంటుందో మాత్రం మాకెవరూ చెప్పలేదు.

ముందు డబ్బు సంగతి. ఆ రాత్రి అందరూ రక్తం కోసం పరుగెడతారు కాబట్టి, ఒక మనిషిని కాగితాలకే కేటాయించండి: ప్రతి బిల్లూ, రసీదూ ఒకే కవర్లో పెట్టాలి. రక్తం అమ్మడం మన దేశంలో నేరం, ప్రాసెసింగ్ ఛార్జీ మాత్రమే తీసుకోవాలి. ప్రైవేటు బ్లడ్ బ్యాంకులోనైనా ఎర్ర రక్తకణాల ప్యాకెట్‌కి 1,550 రూపాయలు, అదనపు పరీక్షలుంటే అవి వేరు. ప్రభుత్వాసుపత్రిలో అయితే 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష పథకం కింద ఆపరేషన్, మందులు, రక్తం, ఇంటికి దింపే బండి అన్నీ ఉచితం, బయట కొనుక్కురమ్మంటే నేరుగా సూపరింటెండెంట్‌ని కలవండి. ప్రైవేటులో ఉంటే ఆరోగ్యశ్రీ (ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ) వర్తిస్తుందా అని చేరిన రోజే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగాలి, డిశ్చార్జ్ రోజు అడిగితే చేతులెత్తేస్తారు. ఇంకా చాలకపోతే బ్యాంకులో బంగారం పెట్టండి గానీ నూటికి మూడు రూపాయల వడ్డీకి మాత్రం పోకండి, అంటే ఏడాదికి 36 శాతం!

ఉద్యోగం చేసే అమ్మాయైతే, మొదటి రెండు కాన్పులకు ఇచ్చే 26 వారాల సెలవు అయ్యాక కూడా, కాన్పు వల్ల వచ్చిన అనారోగ్యమని డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే జీతంతో ఇంకో నెల వరకు ఇవ్వాలని చట్టంలోనే ఉంది.

ఇక మనసు. చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ "పాలు పడ్డాయా?" అని అడుగుతుంటే చెల్లి గోడవైపు తిరిగి పడుకునేది. అంత రక్తం పోతే పాలు ఆలస్యం కావచ్చు, అది తల్లి తప్పు కాదు. అసలు పడకపోతే మాత్రం డాక్టరుకి చెప్పండి, అరుదుగా మెదడులోని పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉండొచ్చు. "బిడ్డ పుట్టిన వేళ మంచిది కాదు" అనేవాళ్లని గుమ్మం దగ్గరే ఆపేయండి, మొహమాటపడొద్దు. పథ్యం పేరుతో కారప్పొడి అన్నమే పెడితే రక్తం ఎక్కడినుంచి పడుతుంది? గుడ్లు, ఆకుకూరలు, తినేవాళ్లయితే లివర్ పెట్టండి, ఐరన్ మాత్ర టీతో వేయకండి.

మొగుణ్ణి ఎవరూ పట్టించుకోరు. మా మరిది మూడు నెలలపాటు అర్ధరాత్రి లేచి ఫోన్ టార్చ్ వేసి దుప్పటి కింద మరకలేమైనా ఉన్నాయా అని చూసేవాడు. ఇద్దరిలో ఎవరికైనా నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపొస్తున్నా మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే 14416 టెలీ మానస్‌కి చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. గంటలో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం మళ్లీ పోతే టార్చ్ వేసి చూస్తూ కూర్చోకండి, వెంటనే 108.

డిశ్చార్జ్ సమ్మరీ ఫొటో ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి, ఎందుకంటే వచ్చే కాన్పుకి వెళ్లే డాక్టరుకి మొదటి రోజే చూపించాల్సిన కాగితం అదే, ఆ కాన్పు రక్తం అందుబాటులో ఉండే ఆసుపత్రిలోనే జరగాలి.