కెనడా ఫార్మసిస్ట్ లైసెన్స్ – 5వ పాఠం: ఆ ఏడు నిమిషాలు

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క సంగతి చూద్దాం. పిల్లాడి బరువు 33 పౌండ్లు. అమాక్సిసిలిన్ రోజుకి కిలోకి 90 మి.గ్రా. చొప్పున, రెండు పూటలుగా. సీసా మీద 5 మి.లీ.కి 250 మి.గ్రా. అని ఉంది. పూటకి ఎన్ని మి.లీ.?

జవాబు 13.5. 33ని 2.2తో భాగిస్తే 15 కిలోలు, రోజుకి 1350 మి.గ్రా., పూటకి 675. పౌండ్లనే కిలోలనుకున్నవాళ్లకి 29.7 వచ్చి ఉంటుంది. పసివాడికి పూటకి ముప్పై మి.లీ. పోయమంటున్నానేంటి అని అక్కడ పెన్ను ఆగాలి. ఆగకపోతే నాలుగో పాఠం ఇంకోసారి చేయండి.

ఇక ఓస్కీ, అంటే పేషెంటుతో మాట్లాడించి చూసే ప్రాక్టికల్ పరీక్ష. సర్టిఫికెట్ల పరిశీలన అయింది, ఎవాల్యుయేటింగ్ పరీక్ష గట్టెక్కారు, మిగిలింది పీఈబీసీ (కెనడా ఫార్మసీ పరీక్షల బోర్డు) వాళ్ల క్వాలిఫయింగ్ పరీక్ష. అందులో మొదటి భాగం మల్టిపుల్ చాయిస్. అది చదివితే వచ్చేస్తుంది. రెండో భాగమే ఓస్కీ. క్విబెక్ రాష్ట్రం దారి వేరని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం కాబట్టి దాన్ని వదిలేద్దాం.

ఓస్కీలో వరసగా స్టేషన్లు ఉంటాయి. ఒక్కో స్టేషన్‌కి ఏడు నిమిషాలు. ఎదురుగా పేషెంటు. నిజం పేషెంటు కాదు, తర్ఫీదు పొందిన నటులు. ఒక్కోసారి డాక్టరు వేషంలో కూడా ఉంటారు. మిమ్మల్ని గమనిస్తూ మార్కులు వేసే ఎగ్జామినర్ ఒకరుంటారు. ఆయన ముఖం చూసి ఏదో అర్థమవుతుందని ఆశపడకండి, ఏమీ అర్థం కాదు.

మొదటిసారి మాక్ ఓస్కీ రాసినప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్తాను, ఎందుకంటే ఈ పాఠమంతా దాని మీదే. కార్డు మీద ఉన్నది ఇంతే: 'అరవై దాటిన మహిళ, మోకాలి నొప్పికి మందు అడుగుతున్నారు.' లోపలికి వెళ్లాను. ఆవిడ చేతిలో ఐబుప్రొఫెన్ 200 మి.గ్రా. డబ్బా ఉంది. 'ఇది వేసుకోవచ్చా?' అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఐబుప్రొఫెన్ గురించి నాకు తెలియనిదేముంది! తిన్నాక వేసుకోండి, రోజుకి ఇన్నే, కడుపులో మంట వస్తే ఆపేయండి, ఆస్తమా ఉంటే జాగ్రత్త అంటూ ఆపకుండా ఐదు నిమిషాలు చెప్పేశాను. ఆవిడ చక్కగా తలూపారు. లేచి వెళ్తూ అడిగారు: 'నా గుండె మాత్రతో పడుతుంది కదా?' అప్పుడే బెల్లు మోగింది.

ఆ గుండె మాత్ర వార్ఫారిన్, అంటే రక్తం పలచబడటానికి ఇచ్చే మందు. ఐబుప్రొఫెన్ దానికి తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు కాదు. కానీ ఆవిడకి రక్తస్రావం తెప్పించే సలహా ఇచ్చి పంపాను. ఓస్కీలో చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. ప్రశ్న వినగానే జవాబు తన్నుకొచ్చేస్తుంది. ఆ గదిలో పేషెంటు అడిగే ప్రశ్న వేరు, అసలు సమస్య వేరు. అసలు సమస్య మీరు అడిగితేనే బయటికొస్తుంది. నటులకి ఇచ్చే స్క్రిప్టే అలా ఉంటుంది: అడగనిదే చెప్పకూడదు.

అదే గదిలోకి మళ్లీ వెళ్దాం, ఈసారి నింపాదిగా.

పేరు చెప్పుకుని, మందు ఎవరికని అడగండి. ఆవిడకే అనుకోవడం కూడా ఊహే, వాళ్లాయనకి కావచ్చు. తర్వాత నొప్పి సంగతి: ఎన్నాళ్ల నుంచి, కింద పడ్డారా, వాపు, ఎర్రదనం, జ్వరం ఉన్నాయా, ఇప్పటిదాకా ఏం వాడి చూశారు. మోకాలు వాచి, వేడిగా ఉండి, జ్వరం కూడా ఉంటే మన మందుల అర వైపు చూడాల్సిన పని లేదు, డాక్టరు దగ్గరికి పంపించాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. 'ఎనీ అదర్ మెడికేషన్స్?' అని అడిగితే 'నో' అనే వస్తుంది. ఆవిడ అబద్ధం చెప్పట్లేదు. పదేళ్లుగా రోజూ వేసుకునేది ఆవిడ దృష్టిలో మందే కాదు, కాఫీలాంటిది. అందుకే ప్రశ్నని ముక్కలు చేయండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం వేసుకుంటారు? గుండెకి, బీపీకి, రక్తం పలచబడటానికి ఏమైనా ఉన్నాయా? విటమిన్లు, మూలికలు, నొప్పికి పూసుకునే ఆయింట్‌మెంట్లు? ఈ చివరిది మర్చిపోవద్దు. మిథైల్ సాలిసిలేట్ ఉన్న బామ్‌లు రాసుకున్నా వార్ఫారిన్ ప్రభావం పెరిగిన సందర్భాలున్నాయి.

అప్పుడు ఆవిడ 'రోజూ రాత్రి ఓ చిన్న పీచ్ రంగు మాత్ర, గుండె దడకి' అనొచ్చు. వార్ఫారిన్ మాత్రలకి బలాన్ని బట్టి రంగులుంటాయి. పీచ్ 5 మి.గ్రా., గులాబీ 1, లావెండర్ 2. అలాగని రంగు విని ఖాయం చేసేయకండి. పేరు అడగండి, సీసా ఉంటే చూపించమనండి, ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే రక్తపరీక్ష) చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారో, ఎంత వచ్చిందో కనుక్కోండి. చిగుళ్లలో రక్తం, నల్లటి విరేచనాలు, ఉత్తపుణ్యానికి కమిలిన మచ్చలు ఉన్నాయేమో కూడా.

ఇంతకీ ఏమివ్వాలి? ఐబుప్రొఫెన్ వద్దు, ఎందుకు వద్దో ఒక్క వాక్యంలో చెప్పండి. బదులుగా ఎసిటమినోఫెన్. ఇక్కడ మనవాళ్ల నోటికి పారాసిటమాల్ అనే పేరే వస్తుంది. రెండూ ఒకటే మందు, కానీ కెనడాలో ఆ పేరు చెబితే ఎదుటివాళ్లు అయోమయంగా చూస్తారు. ఈ రోజు నుంచి ఇంట్లో తలనొప్పి వచ్చినా ఎసిటమినోఫెన్ అనే అనండి. ఇంకో మెలిక ఉంది. అది కూడా రోజుకి 2 గ్రాములు, ఆపైన, వరసగా కొన్ని రోజులు వాడితే ఐఎన్ఆర్ పెరగొచ్చు. కాబట్టి అవసరమైనంతే వాడమని, రోజూ వేసుకోవాల్సి వస్తే ఐఎన్ఆర్ తొందరగా ఒకసారి చూపించుకోమని, మీరు కూడా ఫోన్ చేసి కనుక్కుంటారని చెప్పండి. 'సేఫ్ అండీ, వేసుకోండి' అని వదిలేస్తే సగం మార్కులు అక్కడే పోతాయి.

టైం లెక్క నేను ఇలా పెట్టుకున్నాను. మొదటి మూడున్నర నిమిషాలు అడగడానికే. తర్వాత రెండు నిమిషాల్లో సలహా. మిగిలిన దాంట్లో ఆవిడ చేతే చెప్పించాలి: 'ఇంటికెళ్లాక ఏం వేసుకుంటారో, ఏది వేసుకోరో నాకోసారి చెప్పండి.' అర్థమైందా అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. మూడున్నర నిమిషాలు నోరు కట్టేసుకోవడం మొదట్లో నరకంలా ఉంటుంది. ఫోన్‌లో టైమర్ పెట్టి, ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి చేయండి. మీ గొంతు రికార్డు చేసుకుని వినండి. నాది విన్నప్పుడు తెలిసింది, ఎదుటి మనిషి 'నొప్పికి రాత్రంతా నిద్ర లేదు' అంటే నేను 'ఓకే, ఓకే' అనేసి తర్వాతి ప్రశ్నకి దూకుతున్నానని. 'అయ్యో, చాలా ఇబ్బందిగా ఉండి ఉంటుంది' అనడానికి రెండు సెకన్లు చాలు. మాట్లాడే తీరుకి కూడా మార్కులుంటాయి.

ఇంటి పని: ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి, గుండెల్లో మంటకి కాల్షియం కార్బొనేట్ నమిలే మాత్రలు అడుగుతోంది. 'వేరే మందులేమీ వాడట్లేదు' అంటుంది. నిజానికి రోజూ పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకుంటుంది. అది బయటికి రావాలంటే ఏ మూడు ప్రశ్నలు అడుగుతారు? బయటికొచ్చాక, ఆ రెండింటి మధ్య ఎన్ని గంటల ఎడం చెప్తారు? కాగితం మీద రాయకండి, పైకి చెప్పి రికార్డు చేయండి. ఆరో పాఠంలో ఈ అమ్మాయి దగ్గర్నుంచే మొదలుపెట్టి, డాక్టరుకి ఫోన్ చేయాల్సిన స్టేషన్‌లోకి వెళ్దాం.